బొమ్మలు వేయడం రాదు, ఇన్ఫర్మేషన్ డిజైన్‌లో పీజీ చేయొచ్చా?

#1 ఉత్తరాల_పిల్ల

చాన్నాళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ఆరేళ్లుగా ఒక సంస్థలో వినియోగదారులకు వెళ్లే ఉత్తరాలు రాసే పని నాది. బిల్లు సవరించాం, దరఖాస్తు ఆగింది, ఫలానా కాగితం జతచేయండి, ఇలాంటివి. ఉత్తరాలు వెళ్లిన మూడోరోజు నుంచి ఫోన్లు మొదలవుతాయి. "ఇంతకీ నేను కట్టాలా, మీరు ఇస్తారా?" అందరిదీ అదే ప్రశ్న. జవాబు ఉత్తరంలోనే ఉంటుంది, నాలుగో పేరా చివర్లో. జనం సరిగా చదవరని మేమంతా విసుక్కునేవాళ్లం. పోయినేడు ఒకసారి ఆ ఒక్క వాక్యాన్ని అక్కణ్నుంచి తీసి పైకి తెచ్చి, చుట్టూ గీత గీసి పెట్టెలో పెట్టాను. మిగతాది ముట్టుకోలేదు. తర్వాతి వారం ఫోన్లు తీసే అక్క నా సీటు దగ్గరికొచ్చి "ఏం చేశావే, ఈసారి తిట్లు తగ్గాయి" అంది.

అప్పట్నుంచి పట్టుకుంది ఈ పిచ్చి. గోడ మీద నోటీసు చూసినా, మందు సీసా చూసినా మనసులోనే తిరగరాసుకుంటున్నాను. వెతగ్గా వెతగ్గా దీనికి ఏకంగా ఒక చదువే ఉందని తెలిసింది: యూజర్ సెంటర్డ్ ఇన్ఫర్మేషన్ డిజైన్ (చదివేవాళ్లని దృష్టిలో పెట్టుకుని సమాచారాన్ని అమర్చడం), పీజీ స్థాయిలో. ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, నాకు బొమ్మలు రావు. డిగ్రీ సాహిత్యంలో. దరఖాస్తుకి పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల నమూనాలు, అడుగుతున్నారు, నా దగ్గర ఉన్నవి ఉత్తరాలు. అసలు లోపల ఏం నేర్పుతారు? ఉద్యోగం మానేసి వెళ్లేంత విషయం ఉందా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

#2 యాప్_బాబు

సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. వద్దు. ఇది యూఎక్స్‌కే (యాప్‌లు, సైట్లు వాడేవాళ్లకి సులభంగా ఉండేలా తీర్చిదిద్దే పని) ఇంకో పేరు. మూడు నెలల కోర్సు చేసి, నాలుగు ప్రాజెక్టులు పెట్టుకుని ఉద్యోగాలకి అప్లై చేసుకోండి. నేను అలాగే వచ్చాను. పీజీలో మీకు పాత పోస్టర్ల చరిత్ర చెబుతారు, బయటికొచ్చాక ఎవరూ దాని గురించి అడగరు.

#3 పాత_బెంచీ

యాప్_బాబు గారి మాటలో సగం నిజం ఉంది. ఉద్యోగమే లక్ష్యమైతే దగ్గరి దారి అదే. కానీ "ఇంకో పేరు" అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను. నేను ఈ పీజీ చేసి ఎనిమిదేళ్లయింది, కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

మొదటి రెండు వారాలు మాకిచ్చిన పని: చేతికి దొరికిన ఏదో ఒక కాగితం తీసుకుని దాన్ని వర్ణించడం. మార్చడానికి వీల్లేదు. "బాగుంది", "బాగాలేదు" అన్న మాటలు వాడకూడదు. దీన్ని ఎవరు చదువుతారు, కూర్చునా నిలబడా, రెండో చేతిలో ఏముంటుంది, చదివాక ఏం చేయాలి, చేయకపోతే ఏం పోతుంది, అంతవరకే. నేను పట్టుకెళ్లింది వాషింగ్ మెషిన్ గైడు. తలుపు తెరుచుకోక, నేలంతా నీళ్లు కారుతుంటే ఒక చేత్తో గుడ్డ పట్టుకున్న మనిషి దాన్ని చదువుతాడన్న సంగతి నాకు తట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ గైడు మొదటి పేజీ మొత్తం "మా ఉత్పత్తిని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు" అనే ఉంది.

ఇక బొమ్మల సంగతి. 1925లో వియన్నాలో ఒట్టో న్యూరాత్ ఒక మ్యూజియం మొదలుపెట్టాడు. పుట్టుకలు, చావులు, ఇళ్లు, జీతాలు, ఇలాంటి లెక్కల్ని చదువు తక్కువున్నవాళ్లకి కూడా అర్థమయ్యేలా బొమ్మల్లో చూపడం దాని పని. 1935 నుంచి ఆ పద్ధతిని ఐసోటైప్ అంటున్నారు. అందులో బొమ్మలు తీర్చిదిద్దింది ముఖ్యంగా గెర్డ్ ఆర్న్‌ట్జ్. లెక్కలు తెచ్చింది ఆయా రంగాల నిపుణులు. ఈ ఇద్దరి మధ్య కూర్చుని ఏ అంకె ఉంచాలి, ఏది వదిలేయాలి, దేని పక్కన దేన్ని పెడితే తేడా కంటికి ఆనుతుంది అని తేల్చింది మేరీ రైడెమైస్టర్, తర్వాత మేరీ న్యూరాత్ అయిన ఆవిడ. ఆవిడ చదివింది ప్రధానంగా గణితం, భౌతికశాస్త్రం. ఆ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు ట్రాన్స్‌ఫార్మర్. ఇన్ఫర్మేషన్ డిజైనర్ అనే మాట రాకముందే ఉన్న ఇన్ఫర్మేషన్ డిజైనర్ అన్నమాట. మీరు నాలుగో పేరాలోంచి వాక్యాన్ని పైకి లాగినప్పుడు చేసింది సరిగ్గా ఆ పనే.

వాళ్ల నియమం ఒకటి ఇప్పటికీ నాకు రోజూ పనికొస్తుంది. సంఖ్య పెరిగితే బొమ్మను పెద్దది చేయకూడదు, అదే బొమ్మను ఎక్కువసార్లు వేయాలి. మనిషి బొమ్మను రెండింతలు పొడుగు చేస్తే వెడల్పు కూడా పెరుగుతుంది, వైశాల్యం నాలుగింతలవుతుంది, కన్ను మోసపోతుంది. వార్తల్లో గ్రాఫిక్కులు చూడండి, వారానికొకటి ఈ తప్పుతో దొరుకుతుంది.

ఆ ఐసోటైప్ కాగితాల్లో చాలావరకు ఇప్పుడు బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అక్కడి టైపోగ్రఫీ (అచ్చు అక్షరాల అమరిక) విభాగం 1974లో మైకేల్ ట్వైమన్ ఆధ్వర్యంలో ఏర్పడింది. ఈ చదువుకి పాత చిరునామాల్లో అదొకటి.

మిగతా ఏడాది సంగతి: టైపోగ్రఫీ మూలాలు, సమాచారాన్ని విడగొట్టి కూర్చడం, పరిశోధన పద్ధతులు, నిజమైన క్లయింటుతో ఒక ప్రాజెక్టు, చివర్లో థీసిస్. బ్రిటన్ మాస్టర్స్‌లో 180 క్రెడిట్లు ఉంటే అందులో 60 దాకా థీసిస్‌కే పోవడం మామూలు. సాఫ్ట్‌వేర్ ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అది రాత్రిళ్లు మీరే కుస్తీ పట్టాలి.

#4 యాప్_బాబు

> ఇన్ఫర్మేషన్ డిజైనర్ అనే మాట రాకముందే

సరే, చరిత్ర బాగుంది. కానీ "యూజర్ సెంటర్డ్" అన్న మాట మా కంప్యూటర్ల వైపు నుంచి వచ్చిందే కదా? దానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణం కూడా ఉంది, నంబరు 9241-210. అంతా స్క్రీన్ల గురించే.

#5 పాత_బెంచీ

ఉంది. 1999లో 13407గా వచ్చి, 2010లో ఆ నంబరుకు మారి, 2019లో మళ్లీ సవరించారు. కానీ కాగితాల మీద ఫారాలు, పట్టికలు, సూచనలు జనం ఎలా చదువుతున్నారో పరీక్షించడం అంతకు చాలా ముందే ఉంది. ఇన్ఫర్మేషన్ డిజైన్ జర్నల్ మొదలైంది 1979లో. మాట మీది కావచ్చు, పని మాత్రం అంతకుముందే నడుస్తోంది.

#6 గళ్ల_మాస్టారు

నా వృత్తి ఫారాలు. దరఖాస్తు ఫారాలు, క్లెయిమ్ ఫారాలు. ఇంట్లో వాళ్లకి ఇప్పటికీ నేనేం చేస్తానో అర్థం కాదు.

బాబూ, యాప్‌లో తప్పు గడి నింపితే ఎర్రగా వెలుగుతుంది, ముందుకు పోనివ్వదు. కాగితం ఏమీ అనదు. తప్పు నింపినా, వదిలేసినా నోరు మూసుకుని ఊరుకుంటుంది. మూడు వారాల తర్వాత "అసంపూర్ణం" అని తిరిగొస్తుంది. అందుకని కాగితం మీద ముందే ఊహించాలి. ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసిన విషయం చెబుతాను: "నింపే ముందు ఈ సూచనలు చదవండి" అన్న పేజీని జనం చదవరు. సోమరితనం కాదు అది. గడి దగ్గర ఇరుక్కున్నప్పుడే మనిషికి సూచన అవసరం పడుతుంది, అప్పుడు వెనక్కి పేజీ తిప్పడు, తోచింది రాసేస్తాడు. సూచన ఆ గడి పక్కనే ఉండాలి, గడికి ముందు ఉండాలి. గడి తర్వాత పెట్టారా, రాసేశాక కనబడుతుంది, కొట్టేస్తాడు.

"లేదు అయితే 9వ ప్రశ్నకు వెళ్లండి" అన్న వాక్యం ఎన్ని జీవితాలు పాడుచేసిందో నేనొక రోజంతా చెప్పగలను.

ఒక్క ఉదాహరణ ఇస్తాను. 2000 అమెరికా అధ్యక్ష ఎన్నికలు, ఫ్లోరిడాలో పామ్ బీచ్ కౌంటీ. వయసు మళ్లినవాళ్లు చదవగలగాలని బ్యాలెట్‌లో అక్షరాలు పెద్దవి చేశారు. ఉద్దేశం మంచిదే. పెద్దవి చేసేసరికి పేర్లన్నీ ఒక పేజీలో పట్టలేదు. ఎదురెదురు పేజీల్లో పెట్టి, రంధ్రం పొడిచే చోట్లు మధ్యలో ఒకే వరసలో పెట్టారు. ఎడమ పేజీలో బుష్ ప్రత్యర్థి గోర్ పేరు రెండోది. కానీ రెండో రంధ్రం కుడి పేజీలో ఉన్న బ్యుకానన్‌ది, గోర్‌ది మూడోది. ఆ ఒక్క కౌంటీలో బ్యుకానన్‌కి 3,400 పైచిలుకు ఓట్లు పడ్డాయి. రాష్ట్రం మొత్తం మీద బుష్ గెలిచింది 537 ఓట్ల తేడాతో.

చూశారా, అక్షరం సైజు ఒక్కటే చూస్తే అది మెరుగైన డిజైనే. ఒకటి బాగుచేయబోతే ఇంకోటి జరిగింది, ఆ జరిగినదాన్ని పట్టుకోవాలంటే ముందే పదిమంది చేత ఓటు వేయించి చూడాలి. ఈ చదువులో నేర్పేది అదే. మూడు నెలల్లో వస్తుందా అంటే, నాకు ఇరవై ఏళ్లకీ పూర్తిగా రాలేదు.

#7 యాప్_బాబు

పదిమంది ఎందుకండీ, ఐదుగురు చాలు. అది తేలిపోయిన విషయం.

#8 మందుచీటీ

ఎక్కడ తేలిందండీ? ఆ ఐదుగురి మాట అన్నప్పుడల్లా నాకు బీపీ వస్తుంది. నా ఉద్యోగం మందు పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితాన్ని మనుషులతో పరీక్షించడం.

ఐరోపాలో 2004 చట్ట సవరణ తర్వాత ఆ కాగితాన్ని వాడేవాళ్లతో సరిచూడటం తప్పనిసరి. మామూలుగా జరిగేది ఇలా: పదిమందితో ఒక విడత, మళ్లీ పదిమందితో ఇంకో విడత. అడిగిన సమాచారాన్ని 90% మంది వెతికి పట్టుకోవాలి, పట్టుకున్నవాళ్లలో 90% మందికి అది అర్థమై ఉండాలి. రెండూ గుణిస్తే 81%. అంటే 20 మందిలో 16 మంది. ఈ తరహా పరీక్షకి మూలం ఆస్ట్రేలియాలో డేవిడ్ స్లెస్ వాళ్లు చేసిన పని.

దొరకడం, అర్థమవడం వేరువేరు అని గమనించండి. దొరకలేదంటే శీర్షికలో, వరసలో, అక్షరాల్లో తప్పుంది. దొరికీ అర్థం కాలేదంటే వాక్యంలో తప్పుంది. మందు వేరు కదా, రోగాన్ని బట్టి.

ఇంకో చిక్కు. "రెండు మోతాదులు మర్చిపోతే ఏం చేస్తారు?" అని అడిగితే, చాలామంది కాగితం వైపు చూడకుండానే సొంత అనుభవంలోంచి జవాబు చెప్పేస్తారు. జవాబు సరైనదే కావచ్చు, కానీ దాని వల్ల కాగితం గురించి మనకేమీ తెలియదు. అందుకే ప్రశ్నల్ని కాగితంలో ఉన్న వరసలో అడగకూడదు, "ఎక్కడుందో వేలుపెట్టి చూపించండి, తర్వాత మీ మాటల్లో చెప్పండి" అనాలి. ఆ కాగితంలోని పదాన్నే ప్రశ్నలో వాడితే జనం పదాన్ని వెతికి పట్టుకుంటారు, అర్థాన్ని కాదు. ప్రశ్నలు తయారుచేయడానికే నాకు రెండు రోజులు పడుతుంది. కాగితం చదివించడానికి అరపూట.

#9 యాప్_బాబు

కానీ వెబ్‌సైట్ల వాడకాన్ని పరీక్షించే నిపుణుడు నీల్సన్ అన్నదే చెప్పాను. సొంతంగా కల్పించింది కాదు.

#10 మందుచీటీ

ఆయన అన్న మాట మొత్తం చెప్పుకుందాం. 1993లో నీల్సన్, లాండవర్ కలిసి వేసిన లెక్క అది. ఒక్కో మనిషి సగటున 31% లోపాల్ని బయటపెడతాడనుకుంటే, ఐదుగురితో దాదాపు 85% బయటపడతాయి. ఆ 31 సగటు మాత్రమే, మీ పనిలో 10 కావచ్చు. 10 అయితే ఐదుగురితో వచ్చేది 41% మాత్రమే, లెక్కేసి చూడండి. పైగా ఆయన చెప్పింది ఐదుగురితో ఆపమని కాదు. ఐదుగురితో చూసి, సరిచేసి, మళ్లీ ఐదుగురితో చూడమని.

లోపాలు వెతకడానికి ఐదుగురు బంగారం. "ఇది పనిచేస్తోంది" అని రుజువు చేయడానికి చాలరు. ఆ రెండు ప్రశ్నలకీ తేడా చెప్పేదే ఈ పీజీలో పరిశోధన పద్ధతుల పేపరు. అందరూ నిద్రపోయే పేపరు కూడా అదే.

#11 యాప్_బాబు

31 సగటు అన్న సంగతి నాకు నిజంగా తెలియదు. తప్పు నాదే.

(మూడు నెలల కోర్సు అని ఎవరూ ఎత్తిపొడవద్దు, ముందే చెబుతున్నా.)

#12 అక్షరాల_తాత

అమ్మాయ్, వీళ్లంతా పరీక్షలు పరీక్షలు అని నిన్ను భయపెడుతున్నారు. ఒక పాత కథ విను.

బ్రిటన్‌లో మోటారువేలు వచ్చిన కొత్తలో బోర్డులకి అక్షరాలు కావాల్సొచ్చాయి. జాక్ కిన్నియర్, మార్గరెట్ కాల్వర్ట్ కలిసి ఒక రకం తయారుచేశారు, సాదా అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపి. రాతి మీద అక్షరాలు చెక్కే డేవిడ్ కిండర్స్‌లీ ఇంకో రకం తెచ్చాడు, అన్నీ పెద్ద అక్షరాలు, కొసలు తీర్చినవి. బెన్సన్ అనే చోట విమానాల మైదానంలో మనుషుల్ని కూర్చోబెట్టి, బోర్డు కట్టిన బండిని వాళ్లవైపు నడిపి, ఎంత దూరం నుంచి చదవగలిగారో కొలిచారు. కిండర్స్‌లీ అక్షరాలు పిసరంత ముందున్నాయి. అయినా తీసుకున్నది కిన్నియర్, కాల్వర్ట్‌లవే, చూపుకి బాగున్నాయని. యాభై ఏళ్లు దాటింది, ఇంకా అవే బోర్డులు.

కొలత చెప్పింది ఒకటి, కన్ను చెప్పింది ఇంకొకటి. నేను కన్ను పక్షం.

ఇంకో మాట. ఆ పాఠాలన్నీ రోమన్ లిపి మీద నేర్పుతారు. వరసకీ వరసకీ మధ్య ఎంత జాగా వదలాలన్న లెక్కలు అక్కణ్నుంచి తెచ్చి తెలుగులో పెట్టావా, పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. "స్త్రీ", "రాష్ట్రం" ఒకదాని కింద ఒకటి వేసి చూడు, తెలుస్తుంది. మన లిపికి మనమే కొలవాలి. ఇంతవరకు కొలిచినవాళ్లు తక్కువ.

#13 మందుచీటీ

తాతగారూ, కథ బాగుంది గానీ అది మీ పక్షం కాదు, మా పక్షమే. తేడా పిసరంతే అని కొలిచాకే కదా తెలిసింది! తేడా చాలా ఉండి ఉంటే చూపుకి బాగున్నాయన్న మాట నిలబడేదా? రెండూ చదవగలిగేవే అని కొలత తేల్చింది, ఆ తర్వాత కన్ను ఎంచుకుంది. కొలవకుండా ఎంచుకోవడం వేరు.

#14 అక్షరాల_తాత

కిండర్స్‌లీ అక్షరాలు చూసే భాగ్యం కలిగినవాణ్ని, నాతో వాదించకమ్మా. సరే, ఈ ఒక్కసారికి ఒప్పుకున్నా.

#15 మోడరేటర్

తెలుగు వరసల జాగా గురించి వచ్చిన పదకొండు జవాబుల్ని "లిపి – అచ్చు" విభాగానికి మార్చాను. అక్కడ కొట్టుకోండి.

#16 సగం_థీసిస్

ప్రస్తుతం ఇదే చదువుతున్నాను, థీసిస్ మధ్యలో ఉన్నాను. పేరు చూస్తేనే తెలుస్తుంది. ఉత్తరాల_పిల్ల గారూ, ఎవరూ చెప్పని కొన్ని విషయాలు.

ఒకటి, ఎథిక్స్ అనుమతి. మనుషుల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడగాలంటే ముందు కమిటీకి రాసి పంపాలి: ఎవర్ని అడుగుతారు, ఏం అడుగుతారు, రికార్డింగ్ ఎక్కడ దాస్తారు, మధ్యలో లేచిపోతామంటే ఏం చేస్తారు. నేను ఆలస్యంగా పంపాను, వాళ్లు సవరణలు అడిగారు, ఆ సవరణలకి ఇంకో మూడు వారాలు. వేసవి మొత్తం మీద నా పరీక్షలకి మిగిలింది పదిహేను రోజులు.

తర్వాత మనుషులు. దొరకరు. దొరికేది తోటి విద్యార్థులే, వాళ్లు డిజైనర్లు. కాగితం చూడగానే "హెడింగ్ బరువు తగ్గించాలి" అంటారు. బాబోయ్, నువ్వు చదువు, సలహాలివ్వకు.

అన్నిటికంటే పెద్ద తప్పు టాపిక్. నేను మొదట పెట్టుకున్నది "ఆసుపత్రి సమాచారాన్ని రోగులకు అర్థమయ్యేలా చేయడం". మా గైడ్ చూసి "ఇది థీసిస్ కాదు, మూడు తరాల పని" అన్నారు. తెగ్గొట్టి తెగ్గొట్టి ఇప్పుడు ఒక్క కాగితం మీదికి వచ్చాను: ఆపరేషన్ ముందురోజు ఏం తినాలి, ఏ గంట తర్వాత తినకూడదు అన్న ఒకే ఒక్క షీటు. అందులోనూ "అర్ధరాత్రి తర్వాత" అన్న మాట దగ్గరే రెండు నెలలు గడిచాయి. సోమవారం అర్ధరాత్రి అంటే ఆదివారం రాత్రి పన్నెండా, సోమవారం రాత్రి పన్నెండా? అడిగిన ఎనిమిది మందిలో ముగ్గురు ఒకటి, ఐదుగురు ఇంకొకటి చెప్పారు. ఎనిమిది మందీ ధీమాగా చెప్పారు.

చిన్న టాపిక్ అంటే చిన్న ఫలితం అనుకోకండి. డెబొరా ఆడ్లర్ థీసిస్ ఒక్క మందు సీసా మీదే. న్యూయార్క్‌లో స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్‌లో మాస్టర్స్ చేస్తుండగా, వాళ్ల నాయనమ్మ పొరపాటున తాతగారి మందు వేసుకుంది. రెండు సీసాలూ ఒకేలా ఉన్నాయి, ఇద్దరి పేర్లూ హెచ్‌తోనే మొదలవుతాయి. ఆ థీసిస్‌లో సీసా ముందువైపు చదునుగా చేసి, మందు పేరు అన్నిటికంటే పైన పెట్టింది. ఆ ఆలోచనే ఇంకొంచెం మారి, బోర్లించిన సీసాగా, ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు రింగుతో, 2005లో అమెరికాలో టార్గెట్ దుకాణాల ఫార్మసీల్లో వాడకంలోకి వచ్చింది. 2015లో ఆ ఫార్మసీల్ని సీవీఎస్ అనే మందుల దుకాణాల సంస్థ కొనేసింది, ఆ సీసా ఆగిపోయింది. మంచి డిజైన్ అయినంత మాత్రాన బతుకుతుందని లేదు. మా క్లాసులో ఆ రెండో సగం చెప్పలేదు, నేనే వెతుక్కున్నాను.

#17 ఉత్తరాల_పిల్ల

అందరికీ చాలా థాంక్స్. మూడు రోజులుగా ఇవే చదువుతున్నాను. సగం_థీసిస్ గారూ, ఒక చిన్న డౌటు: మా ఆఫీసులో ఉత్తరం సులభంగా ఉందో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్ కొందామంటున్నారు. మార్కులు వేస్తుందట. పరీక్షలకి బదులు అది సరిపోతుందా?

#18 సగం_థీసిస్

వాటిలో చాలావాటి వెనక రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇంగ్లీషు కోసం చేసిన సూత్రం లాంటిదే ఉంటుంది. వాక్యానికి ఎన్ని పదాలు, పదానికి ఎన్ని అక్షరఖండాలు, అంతే. తెలుగులో "వెళ్లలేకపోయినవాళ్లకి" అన్నది ఒక్క పదం. ఆ సూత్రం దాన్ని చూసి గుండె ఆగి చస్తుంది. మనకి చిన్నపిల్లలు కూడా అనే మాట.

ఇంకో సంగతి. మీ పాత ఉత్తరంలో పేరాల్ని తలకిందులు చేసి పెట్టినా ఆ సాఫ్ట్‌వేర్ అవే మార్కులు వేస్తుంది. పదాలు అవే కదా. జవాబు నాలుగో పేరాలో ఉందన్న సంగతి దానికి తెలియదు.

#19 గళ్ల_మాస్టారు

పై మాటని అచ్చేసి మీ మేనేజరు బల్ల మీద పెట్టండమ్మా. నిజంగానే.

పోర్ట్‌ఫోలియో అన్నారు కదా. ఉత్తరాలే పెట్టండి. పాతది, కొత్తది, మధ్యలో ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారో. అందమైన "తర్వాత" బొమ్మలు ఎంపిక చేసేవాళ్లకి రోజుకి వంద వస్తాయి. కానీ ఒకటి, మీరు పెట్టె గీసి పెట్టానన్నారు, ఫోన్లు తగ్గాయన్నారు. ఎందుకు తగ్గాయో తెలుసా? పెట్టె వల్లా, పైకి తేవడం వల్లా? ఆ అక్క సెలవులో ఉన్నారేమో కూడా.

#20 ఉత్తరాల_పిల్ల

మాస్టారూ, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రాత్రి నిద్ర పట్టలేదు. అందుకని నిన్న మందుచీటీ గారు చెప్పినట్టే చేశాను. మా సంస్థకి సంబంధం లేని నలుగుర్ని పట్టుకున్నాను. ఉత్తరంలో పేర్లూ అంకెలూ మార్చి, ఒక్కొక్కరికీ విడివిడిగా ఇచ్చి, "ఈ ఉత్తరం మీకొచ్చింది. మీ జేబులోంచి ఏమైనా పోతుందా? ఎక్కడ తెలిసిందో వేలుపెట్టి చూపించండి" అన్నాను.

ఇద్దరు వెంటనే చూపించారు. ఇద్దరు పెట్టెని దాటేశారు. పూర్తిగా. కింద మొత్తం రెండుసార్లు చదివి, "ఇందులో లేదే" అన్నారు. నేను ఊరుకోలేక "మరి పైన ఆ పెట్టె?" అన్నాను. (అనకూడదని తెలుసు, ఆగలేకపోయాను.) ఒకాయన ఏమన్నారంటే, "అదా, అది ప్రకటన అనుకున్నానమ్మా. పెట్టెలో ఉండేవన్నీ ఏదో ఒకటి అమ్మేవే కదా."

నేను ఏడాదిగా గర్వపడుతున్న పెట్టె అది. తిట్లు తగ్గాయి గానీ ఎందుకు ఆగలేదో ఇప్పుడు తెలిసింది. మొదట కాస్త ఏడుపొచ్చింది. తర్వాత ఇంటికొచ్చేదాకా అదే ఆలోచిస్తూ రెండు స్టాపులు ముందుకెళ్లిపోయాను.

#21 పాత_బెంచీ

దరఖాస్తులో "ఈ కోర్సు ఎందుకు" అన్న చోట పై మూడు పేరాలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఒక్క మాట మార్చకండి, ముఖ్యంగా ఏడుపు, స్టాపులు.

మా బ్యాచ్‌లో చక్కగా బొమ్మలు వేసేవాళ్లు నలుగురు ఉండేవాళ్లు. అందులో ఇద్దరు రెండో టర్మ్‌లో మానేశారు. వాళ్ల పేజీని ఎవరో ముసలాయన తిరగేసి పట్టుకోవడం చూసి తట్టుకోలేకపోయారు. నైపుణ్యం లేక కాదు. మీరు రెండు స్టాపులు ముందుకెళ్లారు, అది వేరే జాతి.

#22 యాప్_బాబు

నేను నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ఏడాది జీతం వదులుకోవడం చిన్న విషయం కాదు. మీ ఆఫీసులోనే ఇలాంటివి పది చేసినా చాలా వస్తుంది. అయినా వెళ్లాలనుకుంటే, చేరే ముందు ఆ కోర్సు వాళ్లని రెండు అడగండి: పోయినేడు థీసిస్‌ల పేర్లు చూపించమనండి, వాటిలో ఎన్నింటిలో నిజంగా మనుషులతో పరీక్షలు చేశారో అడగండి. "యూజర్ సెంటర్డ్" అని పేరులో పెట్టుకుని ఏడాదంతా పోస్టర్లు వేయించేవి నేను చూశాను. మా జూనియర్ ఒకడు అలాంటిదాంట్లో చేరి, యూజర్ అన్నవాణ్ని చూడకుండానే పట్టా పుచ్చుకున్నాడు.

పార్ట్‌టైమ్ ఉందేమో కూడా అడగండి. చాలాచోట్ల రెండేళ్లలో చేయనిస్తారు.

#23 మందుచీటీ

ప్రకటన అనుకున్నాయన బంగారం. ఆయన్ని వదులుకోకండి. కానీ సరిచేశాక మాత్రం ఆయన మీద పరీక్షించకండి, ఆయనకి ఇప్పుడు జవాబు ఎక్కడుందో తెలుసు.

మీరు "మరి ఆ పెట్టె?" అని అడిగినందుకు తిట్టాలనే ఉంది. అడగకపోతే ప్రకటన సంగతి బయటపడేది కాదు కాబట్టి వదిలేస్తున్నాను. కాకపోతే వరస మార్చండి: ముందు అడగాల్సినవన్నీ అయిపోయాక, చివర్లో అడగండి.

#24 ఉత్తరాల_పిల్ల

గీత తీసేశాను. ఇప్పుడది మామూలు వాక్యమే, "మీరు చెల్లించాల్సింది ఏమీ లేదు" అని, పేరు కిందనే, మొదటి వాక్యంగా. శనివారం కొత్తగా ఇంకో ఐదుగుర్ని చూస్తాను. పార్ట్‌టైమ్ గురించి రెండు చోట్లకి రాశాను. జవాబు ఒకచోట నుంచి వచ్చింది, మూడు పేజీల ఉత్తరం. పార్ట్‌టైమ్ ఉందో లేదో నాకింకా దొరకలేదు.

#25 గళ్ల_మాస్టారు

నాలుగో పేరా చూడండి.

#26 సగం_థీసిస్

శనివారం ఆ ఐదుగురి పని అయ్యాక ఇద్దర్ని ఇటు పంపండి. నాకింకా ఇద్దరు తక్కువ. డిజైనర్లు కాకపోతే చాలు.